తాగి చూపించాకే గిన్నె

మొదట నా ఒళ్ళు మండించింది ఆ తలపాగా.

గోడ మీద రెండు నిలువుల ఎత్తున బొమ్మ వేశారు. ఒక ముసలాయన, చేతిలో ఇత్తడి గిన్నె, ముఖం నిండా నవ్వు, నెత్తి మీద ఎర్రటి తలపాగా. కింద 'మన వీధి, మన వారసత్వం' అని బారెడేసి అక్షరాలు. మా వీధిలో ఇత్తడి గిన్నెలకి కళాయి వేసిన తాత జన్మలో తలపాగా చుట్టి ఎరగడు. ఆయనకి ఒక తెల్ల టోపీ ఉండేది. అదీ నమాజు వేళకే. మిగతా వేళంతా ఆ తల మీద ఉండేది మసి. పని చేస్తూ ఆయన నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. నిప్పు మీద తగరం కరిగే వేళ కోసం కాచుకుని ఉన్న మనిషి పళ్ళికిలిస్తూ కూర్చుంటాడా? బొమ్మ వేసిన వాళ్ళు ఎవరినన్నా ఒక్కరిని అడిగి ఉంటే చెప్పేవాళ్ళు. అడగలేదు.

నన్ను అక్కడికి తీసుకెళ్ళింది మా అమ్మాయి. కాలేజీలో పాత వీధుల మీద ఏదో ప్రాజెక్టు రాయమన్నారట. "అమ్మా, నువ్వు పెరిగిన వీధే కదా, ఇవాళ ఓపెనింగ్ అంట, రా" అని ఆదివారం పొద్దున్నే మధురవాడ నుంచి స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని వన్‌టౌన్ దాకా లాక్కొచ్చింది. వచ్చి చూస్తే వీధంతా షట్టర్లకి ఒకటే రంగు, దుకాణాలకి ఒకే రకం బోర్డులు, అడుగడుక్కీ పూలకుండీ. ఒక పక్క షామియానా, వేదిక, మైకు. ఇంకో పక్క పానీపూరీ బండి. కళాయి కొట్టు ఉండిన చోట ఒక చెక్క బల్ల వేసి, 'సంప్రదాయ కళాయి ప్రదర్శన' అని రాసి, పాతికేళ్ళ కుర్రవాణ్ణి నిలబెట్టారు. అతను డబ్బాలోంచి వెండి రంగు పిచికారీ చేస్తున్నాడు, ఇత్తడి గిన్నెల లోపల.

"నిప్పేదీ బాబూ?" అన్నాను.

"నిప్పెట్టనివ్వరండి మేడం, పొగొస్తాదని. ఇది పెయింటే. నాను ఆటోనగర్లో లారీలకి ఏత్తానండి. ఇయ్యాల ఇక్కడ రమ్మన్నారు."

"మరి ఇందులో వండుకోవచ్చా?"

"అయ్‌బాబోయ్! వండుకోడానికి కాదండి, షోకేసులో ఎట్టుకోడానికి. వచ్చినోళ్ళందరికీ ఇచ్చెయ్యమన్నారు, తీస్కోండి." అతను నా చేతిలోనూ ఒక గిన్నె పెట్టాడు. అతని మీద నాకేం కోపం లేదు. చెప్పిన పని చేస్తున్నాడు.

ఆ గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళాం. ఒక గదిలో పాత ఫొటోలు, పాత తాళాలు, పాత తూనిక రాళ్ళు పేర్చి పెట్టారు. చివర్న ఒక అద్దాల పెట్టెలో అరఠావు కాగితం, నాలుగు మడతల గీతలతో పసుపు రంగుకి తిరిగి ఉంది. దాని పక్కన చీటీ: 'వీధి ఆరోగ్యం కోసం ఆనాడే మేల్కొన్న ప్రజలు.' మా అమ్మాయి వంగి చదువుతూ, చటుక్కున తలెత్తింది.

"అమ్మా, ఇది నీ రైటింగ్‌లా ఉందే!"

నా రాతలానే ఉంది. నాదే. పదకొండేళ్ళ వయసులో రాశాను. ప్రతి 'మ'కీ కొమ్ము తిప్పి, ప్రతి సున్నా కాసులా గుండ్రంగా చుట్టి మరీ రాశాను.

ఇప్పుడు ఆ వీధి గురించి చెప్పాలి. ఆ చీటీ రాసిన వాళ్ళు చెప్పరు కాబట్టి నేనే చెప్పాలి.

మా నాన్నది గోదావరి జిల్లా. రేవులో గుమాస్తా ఉద్యోగం వచ్చి పాత ఊళ్ళో ఒక మేడ కింద వాటా అద్దెకి తీసుకున్నాడు. మేడ యజమానికి వీధి మూల మీద స్టీలు సామాన్ల దుకాణం. మేం కింద, వాళ్ళు పైన. మా అమ్మ మాట మాటకీ "ఆయ్" అంటుందని వీధిలో ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. వీధి చివర రొట్టెల బట్టీ నుంచి పొద్దున్నే బన్నుల వాసన, దూది ఏకే కొట్టు నుంచి టంగు టంగుమని తీగ మోత, హార్బరు వైపు నుంచి ఓడ కూత. సముద్రపు గాలి తిరిగిందంటే బొగ్గు పొడి కూడా వచ్చేది. పొద్దున ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి బూడిద రంగు. అమ్మ రోజుకి మూడుసార్లు గచ్చు తుడిచేది. అరికాళ్ళు మాత్రం నల్లగానే ఉండేవి. దాని మీద ఎవరూ ఎప్పుడూ ఒక్క అర్జీ కూడా రాయలేదు. ఆ మాట గుర్తు పెట్టుకోండి.

మా వాటాకి ఎదురుగా కళాయి తాత కొట్టు. కొట్టంటే ఏముంది, రేకుల చూరు, నేలలో మూరెడు గొయ్యి, గోతిలో బొగ్గులు, వెనక గోనె పరదా. ఆ పరదా వెనక ఆయన భార్య కూర్చునేది. అందరూ బీబమ్మ అనేవాళ్ళు. ఆమె ముఖం నేను చూసింది తక్కువ. చెయ్యి మాత్రం రోజూ చూసేదాన్ని. పరదా పక్క నుంచి ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి బయటికొచ్చి, గాలి కొట్టే చక్రాన్ని తిప్పుతూ ఉండేది. తాత నోరు విప్పి చెప్పక్కర్లేదు. ఆయన గిన్నెని కాస్త పైకెత్తితే ఆ చెయ్యి నెమ్మదించేది. దించితే జోరందుకునేది. వేడి ఒక్క పిసరు ఎక్కువైతే తగరం కాలి పసుపెక్కుతుంది, తక్కువైతే అంటదు. ఆ వేడి మొత్తం ఆమె చేతిలో ఉండేది. గోడ మీద అంత పెద్ద బొమ్మ వేశారే, అందులో ఆ చెయ్యి లేదు.

ముందు గిన్నెలో ఇసక, ఇటికపొడి పోసి, గోనె ముక్క వేసి, దాంట్లో రెండు కాళ్ళూ పెట్టి నిలబడేవాడు తాత. గోడ మీద చేతులు ఆనించి నడుం అటూ ఇటూ తిప్పుతూ కాళ్ళతో తోమేవాడు. మేం పిల్లలం వెనక నిలబడి మేమూ అలాగే నడుం తిప్పేవాళ్ళం. తర్వాత గిన్నె నిప్పు మీదికి. నవాసారం పొడి చల్లగానే గుప్పున తెల్లటి పొగ లేచేది. ముక్కు పుటాలు జివ్వుమనే ఘాటు. జలుబు చేసినప్పుడు ఆ పొగ కోసమే వెళ్ళి నిలబడేదాన్ని. అప్పుడు తగరం కడ్డీని ఒక్కసారి తాకించి, దూది ఉండతో గిర్రున ఒక్క చుట్టు తుడిచేవాడు. అప్పటిదాకా ఎర్రగా, మచ్చలు మచ్చలుగా ఉన్న గిన్నె లోపలంతా తెల్లగా మెరిసిపోయేది. నీళ్ళ తొట్టిలో ముంచితే సుయ్‌మనేది. ఆ తొట్టి అడుగున చేరిన తగరం చుక్కలు మేం దొంగతనంగా ఏరుకుని, పళ్ళతో కొరికి వంచి ఉంగరాలు చేసుకునేవాళ్ళం. ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఇంతా చేశాక గిన్నె ఇచ్చేవాడా? ఇచ్చేవాడు కాదు. అందులో చింతపండు పిసికిన నీళ్ళు పోసి పక్కన పెట్టేవాడు. ఒక పూట అలా ఉండాలి. గిన్నె గలవాళ్ళు సాయంత్రం వస్తే, వాళ్ళు చూస్తుండగా ఆ నీళ్ళు దోసిట్లోకి వంచుకుని తాను తాగేవాడు. లోపల ఆవగింజంత ఇత్తడి బయట ఉన్నా పులుపుకి కిలుం పుట్టి చేదు తగులుతుంది. తాగి, నాలుక అంగిట్లో ఆడించి, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఊరుకునేవాడు. "సరిపోనాది" అంటే గిన్నె తీసుకెళ్ళొచ్చు. "రేపు రా" అంటే మళ్ళీ మొదటి నుంచి.

"మీరు తాగడం దేనికండీ సాయిబు గారూ, మాకు నమ్మకం లేకనా?" అంది మా అమ్మ ఒకసారి.

"నీకు నమ్మకం ఉంటే సాలదమ్మా, నాకుండాల," అన్నాడు. "పిల్లలు తినే గిన్ని. నాను తాగలేంది నీకెలాగిత్తాను?"

ఉపవాసాల నెల వస్తే పగలు ఆయన నోట్లో పచ్చి నీళ్ళు పోసుకోడు కదా. ఆ నెలంతా పొద్దుగూకి ఉపవాసం విడిచాకే గిన్నెలు ఇచ్చేవాడు. ఖర్జూరం, గుక్కెడు మంచినీళ్ళు, ఆ తర్వాత వరసగా చింతపండు నీళ్ళు. వీధిలో హిందువుల ఆడవాళ్ళు కూడా కొంగు నడుముకి దోపుకుని మసీదు పిలుపు కోసం చెవులొగ్గి నిలబడేవాళ్ళు, ఆ పిలుపు వినపడితే గాని ఇంట్లో పులుసు పొయ్యెక్కదు మరి. బీబమ్మ పరదా వెనక నుంచి మా చేతుల్లో పకోడీలు పెట్టేది. ఇది మా వీధి ఆచారం. ఆ గదిలో పేర్చిన పాత తాళాల మధ్య దీని గురించి ఒక్క ముక్క రాయలేదు.

ఆ ఏడు ఎండాకాలం మా పిన్ని పెళ్ళి కుదిరింది. పెళ్ళి మా వాటాలోనే చెయ్యాలని, పెళ్ళి పులుసు తన గుండిగలోనే కాగాలని మా అమ్మ పట్టు. ఆ ఇత్తడి గుండిగ మా అమ్మమ్మది. అందులో నేను కూర్చుంటే తల మాత్రం బయటికి కనపడేది. కళాయి పూర్తిగా పోయింది. తాత దాన్ని చూసి, గోటితో మీటి, "రెండ్రోజులు పడతాదమ్మా, బొగ్గులు బాగా కావాల" అని తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పక్క వాటాలో ఉండే నా స్నేహితురాలు వాళ్ళ ఊరి నుంచి సంచెడు పచ్చి జీడిపిక్కలు తెచ్చింది. పెంకుతో ఉన్నవి. కాల్చి కొడితే పప్పు వస్తుందని తెలుసు. ఎలా కాల్చాలో తెలియదు. మధ్యాహ్నం తాత నమాజుకి వెళ్ళాడు. బీబమ్మ లోపల వంట చేసుకుంటోంది. గుండిగ కోసం గొయ్యి నిండా రగిల్చిన నిప్పులు కణకణలాడుతున్నాయి. నాలుగు వేస్తే చాలని స్నేహితురాలు అంది. నేను వినలేదు. సంచి బోర్లించేశాను. పైగా చక్రం కూడా తిప్పాను, బీబమ్మ చెయ్యి తిప్పినట్టే.

జీడిపెంకులో నూనె ఉంటుందని, అది నిప్పు తగిలితే భగ్గుమంటుందని ఆ క్షణంలో తెలిసింది. చిటపటమని పేలుతూ మంట చూరు దాకా లేచింది. దాని వెంట నల్లటి, జిగట పొగ. అది కళాయి పొగ కాదు. కళ్ళలో కారం కొట్టినట్టుంది. అది నిట్టనిలువునా లేచి పై వాటా కిటికీల్లోకి దూరింది. మేడ యజమాని తల్లికి ఉబ్బసం. ఆవిడ దగ్గు మాకు కిందకి వినపడుతోంది. పండక్కని కొత్తగా వేయించిన సున్నం మీద నల్లటి చారలు. యజమాని లుంగీ ఎగ్గట్టుకుని అరుస్తూ దిగేసరికి తాత వీధి మలుపు తిరిగి వస్తున్నాడు. మేమిద్దరం దూది కొట్టు అరుగు వెనక దూరాం.

"ఏటయ్యా ఇది? మమ్మల్నందరినీ సంపేత్తావా?"

తాత గోతిలోకి చూశాడు. పెంకులు చూశాడు. తర్వాత దూది కొట్టు వైపు చూశాడు. నన్ను చూశాడు. నాకు బాగా తెలుసు, చూశాడు.

"నాదే తప్పు బాబూ. నిప్పు కప్పకుండా ఎలిపోనాను," అన్నాడు.

నేను బయటికి రాలేదు. ఇప్పటికీ ఆ అరుగు వెనకే ఉన్నాననిపిస్తుంది ఒక్కోసారి.

మర్నాడు సాయంత్రం యజమాని మా వాటాలోకొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కళాయి కొట్టు వల్ల వీధికి అనారోగ్యం అని మున్సిపాలిటీ ఆఫీసుకి అర్జీ పెట్టాలి, అర్జీలు రాయడంలో మా నాన్నకి మించినవాడు లేడు కాబట్టి ఆయన రాసిపెట్టాలి. యజమాని వెళ్ళాక అమ్మ గొంతు తగ్గించి దెబ్బలాడింది.

"మన గుండిగ సాయిబు గారి దగ్గరే ఉందండీ. ఏ మొహం పెట్టుకుని రాస్తారు?"

"ఏం చేయమంటావ్? ఇల్లు ఖాళీ చెయ్యమంటే పెళ్ళి ఎక్కడ చేస్తావ్? పొగ వచ్చింది నిజమే కదా," అన్నాడు నాన్న.

పొగ ఎవరి వల్ల వచ్చిందో ఆ ఇంట్లో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి గోడ వైపు తిరిగి ఎక్కాలు వల్లిస్తోంది. నాన్న చిత్తు రాసి, తన రాత కోడి కెలికినట్టుంటుందని, శుభ్రంగా ఎత్తిరాయమని ఆ మనిషికే ఇచ్చాడు. 'సదరు కొట్టు నుండి వెలువడు విషవాయువుల వలన' అని ఉంది అందులో. నాకు విషవాయువు అంటే ఏమిటో తెలియదు. మాట బాగుందని ఇంకాస్త అందంగా రాశాను. స్కూల్లో చేతిరాతకి బహుమతి వచ్చిన పిల్లని కదా.

సంతకాలు పెట్టించడం కూడా నా మీదే పడింది. చిన్నపిల్ల వెళ్తే ఎవరూ కాదనరని యజమాని ఎత్తు. అట్ట మీద కాగితం, జేబులో పెన్ను పెట్టుకుని ఇంటింటికీ తిరిగాను. కొందరు చదివి పెట్టారు, కొందరు చదవకుండా పెట్టారు. రొట్టెల బట్టీ ఆయన చదివి, నా ముఖంలోకి చూసి, సంతకం పెట్టకుండా కాగితం తిరిగి ఇచ్చేశాడు. తాత కొట్టు ముందు నుంచి వెళ్ళాల్సొచ్చిన ప్రతిసారీ పరుగెత్తాను. మూడోసారి ఆయన పిలిచాడు.

"బేటీ! అందరి కాడికీ తిరగతన్నావ్, నా కాడికి రావేటి?"

అట్ట వీపు వెనక దాచుకున్నాను.

"ఏటి ఆ కాగితం?"

"వీధి బాగు కోసం తాతా," అన్నాను.

"అయితే నాను ఈ వీధిలోడ్ని కానా? ఇటు తే."

"వద్దు తాతా."

"వద్దేటి? నాకు సంతకం రాదనా? ఏలుముద్ర సెల్లదా?" అని కాగితం అందుకున్నాడు. ఆయనకి తెలుగు చదవడం రాదు. అయినా అక్షరాల మీద చూపుడు వేలు, తగలకుండా, అంగుళం ఎత్తున జరిపాడు. "ముత్యాలు పేర్సినట్టు రాసినావు. నువ్వు రాసింది అంటే సాలు." గుండిగ అడుగున మసి మీద బొటనవేలు అద్ది, సంతకాలన్నిటి కింద వేశాడు. మసి అంటి కాగితం పాడవుతుందేమోనని వేలి అంచులు లుంగీకి తుడుచుకున్నాడు కూడా.

ఆ రోజు నేను ఆ కాగితం చింపేసి ఉండాల్సింది. చేతిలోనే ఉంది. సందు మలుపులో కాలవ ఉంది. నేను దాన్ని తీసుకెళ్ళి యజమాని చేతికిచ్చాను. వేలిముద్ర చూసి ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంకేటి కావాల, ఆడే ఒప్పుకున్నాడు" అన్నాడు.

వారం తిరక్కుండా ఆఫీసు మనుషులు వచ్చారు. చూరు రేకులు పీకేశారు. గోతిలో ఇటికముక్కలు, పైన సిమెంటు. అర్జీలో నీ వేలిముద్ర కూడా ఉందిగా అని వాళ్ళలో ఒకడు అంటుంటే నేను మా కిటికీ ఊచల్లోంచి విన్నాను. ఆ సిమెంటు తడి ఆరకముందే యజమాని మూల దుకాణం ముందు కొత్త స్టీలు డేగిసాలు వరసగా వేలాడదీశారు.

ఆ సాయంత్రం తాత మా గుమ్మం ముందుకి గుండిగ మెల్లగా ఈడ్చుకుంటూ వచ్చాడు. గొయ్యి పూడ్చే ముందు రోజే పూర్తి చేశాడట. లోపల చూస్తే మన ముఖం కనపడుతోంది. అడుగున చింతపండు నీళ్ళున్నాయి. అమ్మ గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. నాన్న ఇంట్లో ఉండీ బయటికి రాలేదు. తాత ఎప్పటిలాగే దోసిట్లోకి వంచుకుని తాగాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపు మూసుకున్నాడు.

"సరిపోనాది," అన్నాడు. తర్వాత తలుపు వెనక ఉన్న నన్ను చూశాడు. "పచ్చి జీడిపిక్కలు నిప్పులో ఎయ్యకు బేటీ. కళ్ళు పోతాయి. నీ రాత బాగుంటాది. బాగా సదువుకో."

అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. ఆయన కాగితంలో ఏముందో తెలిసే వేలు వేశాడా, తెలియక వేశాడా అన్నది నాకు ఇవాళ్టికీ తేలలేదు. రెండూ నాకు ఒకేలా గుచ్చుకుంటాయి.

తర్వాత కొన్నాళ్ళు సంచి భుజాన వేసుకుని గాజువాక క్వార్టర్ల చుట్టూ తిరిగాడని విన్నాం. అప్పటికి అందరి ఇళ్ళలోనూ స్టీలే. బీబమ్మ వాళ్ళ పుట్టింటివైపు వెళ్ళిపోయారని ఒకరు, అనకాపల్లిలో ఉన్నారని ఒకరు. నేను కాలేజీలో చేరాక ఒక్కసారి వెతుకుదామనుకున్నాను. అనుకోవడంతోనే సరిపెట్టాను. మా అమ్మమ్మ గుండిగ ఇప్పుడు నా దగ్గరే, మధురవాడ ఫ్లాట్ బాల్కనీలో ఉంది. అందులో మట్టి పోసి మనీప్లాంట్ పెట్టింది ఎవరో కాదు, నేనే. కాబట్టి వాళ్ళ పూలకుండీల గురించి మాట్లాడే ముఖం కూడా నాకు లేదు.

ఇదంతా మా అమ్మాయికి ఆ అద్దాల పెట్టె ముందు చెప్పలేకపోయాను. బయట మైకు మొదలైంది. గొంతు గుర్తుపట్టాను. మేడ యజమాని, ఎనభైకి దగ్గరపడ్డాడు, మెడలో శాలువా, ఈ వారసత్వ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. "మన చేతివృత్తులు మన ప్రాణం. ఆ కళాయి సాయిబు నాకు సొంత అన్నలాంటివాడు. కాలం మింగేసింది," అంటున్నాడు. కాలం! కాలం వచ్చి రేకులు పీకిందా? కాలం వచ్చి సిమెంటు పోసిందా?

నేను సరాసరి పానీపూరీ బండి దగ్గరికి వెళ్ళి, నా చేతిలోని గిన్నె చాపి, "చింతపండు నీళ్ళు పొయ్యి బాబూ, ఒట్టివే" అన్నాను. అతను వింతగా చూసి పోశాడు. ఉపన్యాసం అయిపోయేదాకా దాన్ని ఎండలో పట్టుకుని నిలబడ్డాను. అంచుల దగ్గర వెండి రంగు పొరలు పొరలుగా లేచి నీళ్ళ మీద తేలుతోంది. చప్పట్లు పడుతుండగా వేదిక మెట్లెక్కాను. మా అమ్మాయి "అమ్మా, అమ్మా" అంటూ వెనకే వచ్చింది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడాయన.

"మీరు పంచుతున్న గిన్నేనండి. చింతపండు నీళ్ళు పోశాను. ఇచ్చేవాడు తాగి చూపించాకే గిన్నె ఇవ్వాలి. ఈ వీధి ఆచారం అదే. తాగండి."

ఆయన గిన్నెలోకి చూశాడు. నన్ను చూశాడు. చత్వారం కళ్ళజోడు సర్దుకుని ఇంకోసారి చూశాడు. ఒక్కసారిగా ముఖం విప్పారింది.

"నువ్వా! కింద వాటా గుమస్తాగారి అమ్మాయివి కదూ!" అని మైకు దగ్గరికి లాక్కున్నాడు. "సూడండి, సూడండి! లోపల అద్దాల పెట్టెలో అర్జీ సూసినారు కదా, అది రాసింది ఈ అమ్మాయే! అంత సిన్న వయసులో! ఏం దస్తూరీ, ఏం దస్తూరీ! సప్పట్లు కొట్టండి!"

కొట్టారు. షామియానా నిండా లేచి నిలబడి మరీ కొట్టారు. ఎవరో ఫొటో తీశారు. నేను నోరు తెరిచాను. పొగ నాది, జీడిపిక్కలు నావి, ఆ వేలిముద్ర నేను మోసం చేసి తెచ్చింది అని చెప్పాలని. మైకు అప్పటికే ఆయన లాక్కున్నాడు, ఎవరికో శాలువా కప్పుతున్నాడు. నా అరుపు చప్పట్లలో కలిసిపోయింది. గిన్నె ఆయన ముందు బల్ల మీద పెట్టి దిగిపోయాను. ఎవరో వాలంటీరు పిల్ల దాన్ని తీసి పూలకుండీలో వంచేసింది.

మా అమ్మాయి మళ్ళీ ఆ గదిలోకే వెళ్ళింది. నేను గుమ్మంలో ఆగిపోయాను. అద్దం మీద ముఖం ఆనించి ఆ కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివింది. చదివి, కింద ఒక మూల వేలు పెట్టింది.

"ఇదేంటమ్మా, అందరూ సంతకాలు పెడితే ఒక్కటే వేలిముద్ర ఉంది? ఎవరిది?"

"కళాయి తాతది."

"ఆయన కొట్టు తీసెయ్యమనే కదా ఇది? ఏం రాసుందో చదివించుకోకుండానే వేశారా?"

"నేను రాశానని వేశాడు," అన్నాను.